కీమేను డైరీ

గురువారం గుణుపురంలో నా గది ముందు
మనుషులకన్నా ముందు చెప్పులు వరస కడతాయి.
సగం రోగం అక్కడే తెలిసిపోతుంది:
ఒక పక్కే అరిగిన మడమ,
బొటనవేలి దగ్గర పిన్నీసు,
సైకిలు ట్యూబు ముక్కతో పట్టీ కుట్టిన రబ్బరు జోడు.
లోపల పొట్టి స్టూలు మీద నేను.
పని కావడానికి జనం ఎవరెవరి కాళ్లో పట్టుకుంటారు.
నాకైతే పనే అది.

బోనెల దాలినాయుడు బూటు విప్పనన్నాడు.
"కంపు, తల్లీ."
కంపయితే ఏం, నాకది కబురు.
మేజోడు ఊడి రాలేదు, పుండుతో కలిసి ఎండిపోయింది.
సెలైను పోసి నానబెట్టి తీశాను.
బూటు తిరగేసి దులిపితే
టక్కున రాలింది కంకరరాయి,
చింతపిక్కంత.
"ఎన్నాళ్లయింది?"
"ఏటి?"
చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.
"కాశీనగరం అవతలి కంకర, మొన్న వానలకి పోసినారు."
రాయి ఊరు తెలిసింది.
దాని మీద ఎన్ని మైళ్లు నడిచాడో తెలియలేదు.

నైలాను పోగు అరికాలికి ఆనించి వంచాను.
తగిలితే చెప్పమన్నాను.
కళ్లు మూసుకుని బడిపిల్లాడిలా కూర్చున్నాడు.
పది చోట్ల అడిగాను. పాదం ఒక్క చోటా పలకలేదు.
శ్రుతిదండం మోగించి వేలి ఎముక మీద నిలిపితే
"ఇనబడతంది గానీ తగల్నేదు" అన్నాడు.

వినబడుతుంది మరి.
ముప్పై ఏళ్లు సుత్తితో పట్టాలు తట్టినవాడు,
మోతలో తేడాతో
వదులైన బోల్టును చీకట్లో పట్టినవాడు,
వంశధార వంతెన మీద మంచులో
పట్టా విరుపును కంటికన్నా ముందు చెవితో చూసినవాడు.
తన ఒంటి కిందున్న రెండు పాదాల లైను
ఏ రాత్రి మూగబోయిందో వినలేదు.

చక్కెర ముందు నొప్పిని ఎత్తుకుపోతుంది.
తక్కినవి తీరిగ్గా.
నొప్పేం లేదమ్మా అని నవ్వేవాళ్లంటేనే నాకు భయం.
మొన్నొకామె వేణ్ణీళ్లలో కాళ్లు పెట్టుకుని
బొబ్బలెక్కేదాకా ఉలవలు ఏరుతూ కూర్చుంది.

గోళ్లు గుండ్రంగా కాదు, అడ్డంగా తియ్యాలి.
వేళ్ల సందులు పొడిగుడ్డతో అద్దాలి.
ఒట్టికాలితో గడప దాటొద్దు, దొడ్డివైపుకైనా సరే.
తెలుగులో చెప్పాను, ఒడియాలో చెప్పాను,
వచ్చీరాని సవరలో చెప్పాను ఇన్నేళ్లూ.
అందరూ తల ఊపుతారు. దాలినాయుడు ఆవులించాడు.

"లైను మీద నువ్వేం చూస్తావు?"
నిటారుగా కూర్చున్నాడు.
"కీలు, బోల్టులు, పగుళ్లు.
కంకర జారిందా, నీరు నిలిసిందా."
"రాత్రి దీపం పెట్టుకుని అవే చూడు. కింద అద్దం పెట్టు."
నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

మరుసటి గురువారం నోటుబుక్కు తెచ్చాడు, పెన్సిలు రాత:
"సోమ. ఎడమ లైను. మూడు నాలుగు వేళ్ల మధ్య నీరు నిలిచినది. తుడవడమైనది.
మంగళ. మడమ వద్ద పగులు, వడ్లగింజ పొడవు.
బుధ. చిటికెన వేలు నలుపు. వేగము తగ్గించవలెను."

వేలు నిలవలేదు.
బరంపురం పంపాను.
మొదటి గురువారమే పంపాల్సింది.
అది నేను రాయని డైరీలో ఉంది.

కుట్లు విప్పిన రోజు చివరి పేజీ చూపించాడు:
"ఒక స్లీపరు తొలగించబడినది. లైను తెరిచి ఉన్నది."
ఆ మాటకి నేను నవ్వేశాను, ఆయనా నవ్వాడు.
కాసేపాగి,
కట్టు వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ,
"ఆ ఏలు ఏటి సేస్తారమ్మా అక్కడ?"

నాకు తెలుసు. చెప్పలేదు.

బయట వరసలోంచి
ముందు వెడల్పున్న కొత్త జోడు తీసి
తొడుక్కోబోయి ఆగాడు.
తిరగేసి రెండుసార్లు తట్టాడు.
చెవి దగ్గర పెట్టుకుని
ఇంకొక్కసారి.